మడీ, రబ్బరు ఉంగరాలూ

“రబ్బరు ఏదమ్మా?”

వంటింటి గడప బయట నిలబడి దేవిశ్రీ అడిగింది. లోపలికి రావడానికి వీల్లేదు. తల్లి నాగేశ్వరి మడి కట్టుకుని రుబ్బురోలు ముందు కూర్చుంది. రెండు చేతులూ మణికట్టు దాకా మినప్పిండిలో ఉన్నాయి. లేకపోతే అలవాటుగా ఒక చెయ్యి ఈపాటికి నోటి మీదకి వెళ్ళిపోయేదే.

“ఇప్పుడే తీశానే” అంది నాగేశ్వరి గోడవైపు తిరిగి.

“ఇప్పుడంటే?”

“స్నానానికి ముందు. నైవేద్యం అయ్యాక పెట్టుకుంటాను.”

“నిన్న సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికీ లేదు. అప్పుడేం నైవేద్యం?”

“దీపం పెట్టాను కదా.”

“మొన్న ఉదయం?”

నాగేశ్వరి పొత్రం తిప్పడం మొదలుపెట్టింది. ఇంట్లో గ్రైండరు లేక కాదు. శ్రావణమాసంలో దేవుడి గారెలకి గ్రైండరు పనికిరాదని ఆవిడ నమ్మకం.

“అమ్మా, నువ్వు అసలు వాటిని రోజుకి ఎంతసేపు పెట్టుకుంటున్నావు?”

ముందుగదిలో వత్తులు చేసుకుంటున్న భ్రమరాంబ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పెద్ద కొడుకు ఉండే నిజాంపేట నుంచి వరలక్ష్మీవ్రతానికని మదీనాగూడలో ఉన్న చిన్న కొడుకు ఇంటికి వచ్చిన పెద్దావిడ. ఈ ఇంట్లో అరుపులు విని పట్టించుకోనట్టు కూర్చోవడం ఆవిడకి బాగా వచ్చు. ఆవిడ పక్కనే ఆవిడ చిన్న కొడుకు, నాగేశ్వరి భర్త నరసింహమూర్తి, పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కరెంటు ఆఫీసులో ఇంతకాలం పనిచేసినవాడికి ఎక్కడ ముట్టుకుంటే షాక్ కొడుతుందో తెలియదా?

“సాయంత్రం డాక్టరుగారి దగ్గర తేలుతుంది” అంది దేవిశ్రీ. “ఆయనతో అబద్ధం చెప్పకు. నాతో చెప్పినా సరే.”

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. టిఫిను తినలేదు. తల్లి కూడా తినమని పిలవలేదు. పిలిచే ధైర్యం లేకపోయింది.

దేవిశ్రీది హైటెక్ సిటీలో కొత్తగా లేచిన ఆ గుండ్రటి భవనంలో ఉద్యోగం. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడతాయట, అలా జరక్కుండా పాత ప్రోగ్రాములన్నీ వెతికి సరిచేయడం ఆ పిల్ల పని. ఉద్యోగం వచ్చాక స్నేహితురాళ్ళంతా స్కూటీలు కొనుక్కుంటుంటే ఈ పిల్ల మాత్రం నలభై ఆరేళ్ళ తల్లిని పళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. నాగేశ్వరి పై పళ్ళు ఎత్తు. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆవిడ నవ్వు చెంగు చాటునే గడిచింది. పెళ్ళిఫోటోలో పెదాలు బిగించుకుని కూర్చున్న పెళ్ళికూతుర్ని చూసి, “అమ్మా, నీకు ఆ రోజు కోపం వచ్చిందా?” అని దేవిశ్రీ చిన్నప్పుడే అడిగింది.

నాగేశ్వరికి కావలసింది పెద్దదేం కాదు. నలుగురిలో నోరారా ఒక్కసారి నవ్వాలి. అంతే. ఏడాదికి పైగా నోట్లో తీగలు మోస్తున్నది అందుకే.

*

చందానగర్‌లో మెయిన్ రోడ్డు మీదే డాక్టర్ మధుసూదన్ క్లినిక్. కర్నూలు మనిషి. పన్ను చూసేటప్పుడు మనిషితో కాకుండా పన్నుతోనే మాట్లాడతాడు.

“ఏం తల్లీ, యాడున్నదానివి ఆడే ఉన్నావే” అన్నాడు అద్దం నోట్లో పెట్టి. “పక్కనే ఇంత ఖాళీ చేసి పెట్టాను గదా నీకు.”

ఖాళీ అంటే, తీగలు వేయడానికి ముందు పైన కుడివైపు ఒక పన్ను, ఎడమవైపు ఒక పన్ను తీసేశాడు. ఎత్తు పళ్ళు వెనక్కి జరగడానికి చోటు కావాలి కదా. మొదటి నెలల్లో తీగ పని తీగ చేసింది. వంకర పళ్ళు వరసలోకి వచ్చాయి. ఉగాది తరవాత రబ్బరు ఉంగరాలు ఇచ్చాడు. మినపగింజంత ఉంటాయి. పై కోరపన్ను దగ్గరి కొక్కేనికి ఒక కొస, కింది దవడ పన్నుకి రెండో కొస తగిలించుకోవాలి. అన్నం తినేటప్పుడు తప్ప రాత్రీ పగలూ ఉండాలి.

డాక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. మొహంలో సరదా పోయింది.

“కుడీ ఎడమా రెండూ కదల్లేదు. పళ్ళు ఎముకకి అతుక్కుపోయినాయేమో అనిపిస్తాండాది. కొందరికి అట్లయితుంది. అదే అయితే నేను ముందే కనుక్కోవాల్సింది. తప్పు నాదే. తీగలు తీసేద్దాం. కదలని పళ్ళ మీద ఊరికే బరువు పెడితే వేర్లు అరిగిపోతాయి.”

తీగలు తీసేస్తే నాగేశ్వరికి నోరారా నవ్వే రోజు ఇక రానట్టే. దానికంటే ఎక్కువగా, ఆ మంచి మనిషి తప్పు తన నెత్తిన వేసుకోవడం ఆవిడ భరించలేకపోయింది.

“మీ తప్పు కాదు డాక్టరుగారూ. నేనే పెట్టుకోవట్లేదు.”

గోడవారగా కూర్చున్న దేవిశ్రీ తలెత్తలేదు.

“నొప్పి పుడతాందామ్మా?”

“నొప్పి కాదండి. పొద్దున పూజ, వంట మడితో చేస్తాను. నోట్లో వేళ్ళు పెట్టి తగిలించుకున్న రబ్బరు ఎంగిలి కదండి. అందుకని తీసేస్తాను. మళ్ళీ సాయంత్రం దీపం వేళ తీసేస్తాను. శ్రావణమాసం వచ్చాక... ఇంచుమించు రోజంతా మడేనండి.”

“మరి తీగలో? అవీ నోట్లోనే ఉన్నాయి గదా.”

“అవి మీరు అంటించేశారు కదండి. ముక్కుపుడక లాగా ఒంటితో పాటే. తీసి పెట్టేది కాదు.”

డాక్టరు నవ్వలేదు. చాలామంది చదువుకున్నవాళ్ళు అక్కడ నవ్వి ఉండేవారు. ఆయన తన కుర్చీని ముందుకి జరుపుకున్నాడు.

“చూడమ్మా. పన్ను ఎముకలో మేకు దిగినట్టు బిగుసుకుని ఉంటుందనుకుంటాం. కాదు. చుట్టూ సన్నటి నారలు ఉంటాయి, వాటిల్లో వేలాడుతుంటాది. ఒకవైపు నుంచి మెల్లగా అదిమితే, అదిమిన వైపు ఎముక కొంచెం కొంచెం కరుగుతుంది. వెనకాల ఖాళీ అయిన వైపు కొత్త ఎముక పుడుతుంది. పన్ను అట్లా ఎముకలోనే నడుచుకుంటా పోతుంది.”

“ఎముక కరుగుతుందా?” నాగేశ్వరి భయంగా అడిగింది.

“కరగాల. కరగకపోతే దారేదీ? తీగని ఎంత వంచి కట్టినా తన వంపుకి తాను పోవాలనే చూస్తుంది, పోతా పోతా పళ్ళని వరసలోకి తెస్తుంది. వెనక్కి లాగడం మాత్రం రబ్బరు పని. తీగ దారి చూపిస్తాదంతే.”

“అయితే ఇంకా గట్టి రబ్బరు ఇవ్వండి. మడి లేని వేళల్లో పెట్టుకుని ఆ లోటు పూడ్చేస్తాను.”

“అదే కుదరదమ్మా. గట్టిగా లాగితే ఆ నారలు నలిగి నెత్తురు ఆడదు. పన్ను మొండికేస్తుంది. మెల్లగా లాగాల, ఆపకుండా లాగాల. లోపల ఎముక ఇప్పుడిప్పుడే పని మొదలుపెట్టేసరికి నువ్వు రబ్బరు తీసేస్తాండావు. అది పని మానేస్తుంది. మళ్ళీ పెడతావు, మళ్ళీ మొదట్నుంచి. నీకు నొప్పి మిగుల్తుంది, పన్ను కదలదు.”

నాగేశ్వరి చేతులు ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా విన్నది.

“ఒక్క నెల చూస్తా” అన్నాడు డాక్టరు. “నెల తర్వాత ఆ ఖాళీ ఏ కాస్త తగ్గినా కొనసాగిద్దాం. తగ్గకపోతే తీసేస్తా. నీ దేవుడికి నేను అడ్డం రానమ్మా. ఏం చేసుకుంటావో నువ్వే చూసుకో.”

లేచేటప్పుడు నాగేశ్వరి ఆయనకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టింది. కసురుకోనందుకు.

*

షేర్ ఆటోలు అన్నీ కిక్కిరిసి పోతున్నాయి. తల్లీకూతుళ్ళు బొంబాయి హైవే పక్కన నడిచారు. లారీలు పోతుంటే దుమ్ము లేస్తోంది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ.

చాలా దూరం నడిచాక దేవిశ్రీ అంది, “ఇష్టం లేకపోతే మొదట్లోనే చెప్పాల్సింది. బలవంతం చేసేదాన్ని కాదు.”

నాగేశ్వరి అక్కడే ఆగిపోయింది.

“ఇష్టం లేకా?”

“మరేంటి? నేను తెచ్చిచ్చిందాన్ని తీసి పక్కన పెట్టడమేగా నువ్వు రోజూ చేస్తున్నది.”

“ఇలా చూడవే. నా నోటిని చూసి ఎగతాళి చేసినవాళ్ళు ఉన్నారు. జాలిపడ్డవాళ్ళు ఉన్నారు. మా అమ్మయితే ఫోటో తీసేవాడు వస్తే చాలు, నోరు ముయ్యవే అనేది. బాగుచేయిస్తానన్నది నువ్వొక్కదానివే. నా కడుపున నువ్వు పుట్టినందుకు పొద్దున లేచి నేను దేవుడికి దణ్ణం పెట్టుకోవాలా వద్దా? ఇంత మేలు చేసినవాడి ముందు నోట్లో ఎంగిలి పెట్టుకుని ఎలా నిలబడనే?”

దేవిశ్రీకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

“అంటే, ఇచ్చినందుకు దణ్ణం పెట్టడానికి ఇచ్చిందాన్నే తీసేస్తున్నావా?”

నాగేశ్వరి ఆలోచించింది. ఆ మాట తనకి ఇన్నాళ్ళూ తట్టనే లేదు.

“మడిలో రబ్బరు ఉంచుకోవచ్చా అని నానమ్మని నేనడగనా?” అంది దేవిశ్రీ.

“వద్దు. మీ నానమ్మ ఏమీ అనరు. ఏమీ అనకుండా చూస్తారు చూడు, అదీ నా భయం. అసలే శుక్రవారం వరలక్ష్మీవ్రతానికి మీ పెద్దమ్మ కూడా వస్తోంది.”

పెద్దమ్మ అంటే వీరలక్ష్మి, నరసింహమూర్తి అన్నగారి భార్య. ఆవిడ మడి ముందు నాగేశ్వరి మడి ఏ మూలకీ రాదు. ఆ ఇంట్లో కూరగాయలు కూడా కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగితే గానీ లోపలికి రావు.

దేవిశ్రీ తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ ఖాళీ పోయింది.

*

శుక్రవారం ఉదయం నాగేశ్వరి తలంటు పోసుకోవడానికి ముందే రబ్బర్లు తగిలించుకుంది. వాటితోనే స్నానం చేసింది. వాటితోనే మడి కట్టుకుంది. బూరెలు వండుతున్నంతసేపూ తప్పు చేస్తున్నానా అని ఒకసారి, చేయకపోతే కూతురికి తప్పు చేసినదాన్ని కానా అని ఒకసారి కొట్టుమిట్టాడింది. కలశం పెట్టేవేళకి భ్రమరాంబ వచ్చి పీట మీద కూర్చుని కోడలి నోటికేసి ఒక్కసారి చూసింది. తరవాత తమలపాకులు తుడవడంలో పడిపోయింది.

పేరంటాళ్ళు వచ్చారు. ఇంటి ఓనరు నర్సమ్మ అందరికంటే ముందు వచ్చి చాప మీద కాళ్ళు చాపుకుంది. వీరలక్ష్మి నిజాంపేట నుంచి ఆటోలో దిగి, కాళ్ళు కడుక్కుని, ఎవరికీ తగలకుండా గోడవారగా కూర్చుంది. ఆ రోజు సెలవు పెట్టిన దేవిశ్రీ అందరికీ పసుపు రాసి, అక్షింతలు పంచింది. అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని అందరూ వ్రతకథకి సిద్ధమయ్యారు. కథ చదవాల్సింది ఇంటి ఇల్లాలు. చదివింది.

రబ్బర్లు ఉన్నప్పుడు నోరు పూర్తిగా తెరుచుకోదు. మాట అక్కడక్కడా ముద్దగా వస్తోంది. కథ సగానికి వచ్చింది.

“ఆగాగు” అంది వీరలక్ష్మి. “ఏమిటా చదవడం? నోట్లో ఏముంది?”

నాగేశ్వరి పుస్తకం దించింది. “డాక్టరుగారు ఇచ్చిన రబ్బర్లు అక్కయ్యా.”

“నోట్లో ఎంగిలి రబ్బరు పెట్టుకుని అమ్మవారి కథ చదువుతున్నావా? ఆ నోటితోనే నైవేద్యం వండావా?”

“ఏందమ్మా గిట్లంటవ్?” అంది నర్సమ్మ. “దవాఖానల పెట్టుకొమ్మన్నరు, పెట్టుకున్నది. గింత దానికి పరేషాన్ జేస్తవేంది పిల్లను?”

“మడి సంగతి మీకు తెలియదులెండి.” వీరలక్ష్మి లేచి నిలబడింది. “లోపలికెళ్ళి అది తీసి పారేసి, మళ్ళీ స్నానం చేసి రా. లేదంటే నీ వాయనం నేను పుచ్చుకోను.”

దేవిశ్రీ ఏదో అనబోయింది. తల్లి కళ్ళతోనే వద్దంది. పండగపూట, ముత్తైదువ వాయనం వద్దని వెళ్ళిపోతే ఇంకేం మిగిలింది? నాగేశ్వరి చెయ్యి మెల్లగా పైకి లేచి పెదాల దాకా వచ్చింది.

“నాగేశ్వరీ, చెయ్యి దించు.”

అన్నది భ్రమరాంబ.

ఆవిడ పీట మీద నుంచి లేవలేదు. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ నోట్లో పెట్టుకుంది. టక్కుమని చిన్న చప్పుడు. అందరూ చూస్తుండగా పై పళ్ళు నాలుగూ, గులాబీరంగు అంగిలి ముక్కతో సహా, ఆవిడ అరచేతిలోకి వచ్చాయి. పైపెదవి లోపలికి పడిపోయింది. ఒక్క నిమిషంలో ఆవిడ ఇంకెవరోలా అయిపోయింది.

“అమ్మో” అంది నర్సమ్మ.

“స్నానాల గదిలో జారిపడ్డాను” అంది భ్రమరాంబ. మాటల్లోంచి గాలి పోతోంది, అయినా ఆవిడ ఆగలేదు. “మీరిద్దరూ ఈ ఇంటికి కోడళ్ళుగా రాకముందు సంగతి. మీ మామగారు కాకినాడ తీసుకెళ్ళి పెట్టించారు. ఆయనకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తలుపేసుకుని కడుక్కుంటాను. తలుపేసుకుని పెట్టుకుంటాను. నలుగురూ చూస్తే నవ్వుతారని. ఇది పెట్టుకునే మడి కట్టుకున్నాను. ఇది పెట్టుకునే ఇన్నేళ్ళూ దేవుడికి వండాను. నాకు చెల్లిన మడి ఆ పిల్లకి ఎందుకు చెల్లదు?”

దేవిశ్రీ చెంబుతో నీళ్ళు తెచ్చి నానమ్మ చేతి మీద పోసింది.

నాగేశ్వరికి కళ్ళు మసకబారాయి. జీవితమంతా తను ఒక్కతే నోరు దాచుకుంటున్నాననుకుంది. పక్కనే ఈవిడ కూడా దాచుకుంటూనే ఉంది. ఈ రోజు తన కోసం అది నలుగురిలో బయట పెట్టుకుంది. అత్తగారి కాళ్ళ మీద పడాలనిపించింది. ఒళ్ళో కథ పుస్తకం ఉంది, గుప్పిట్లో అక్షింతలు ఉన్నాయి.

వీరలక్ష్మి మొహం తెల్లబోయింది. మెల్లగా ఎర్రబడింది.

“అంటే నా వంటింట్లో కూడా...”

“నీ వంటింట్లోనే.”

“నా మడి అంతా మంటగలిపారు కదా అత్తయ్యా! ఇంక మీరు మా గుమ్మంలోకి ఎలా వస్తారు?”

భ్రమరాంబ తడి చేతిలో పళ్ళు పట్టుకుని కలశం వైపు చూస్తూ కూర్చుంది. నిజాంపేట ఇంట్లో ఆవిడ మంచం, ఆవిడ తులసికోట, ఆవిడ మనవలు. ఇదంతా ఆలోచించుకోకుండానే నోట్లో చెయ్యి పెట్టుకుందా అంటే, కాదు. ఆవిడ ఏదీ ఆలోచించుకోకుండా చేసే మనిషి కాదు.

“అత్తయ్య ఇక్కడ ఉంటారు అక్కయ్యా” అంది నాగేశ్వరి.

నోరు తెరిచే అంది. తీగలూ, రబ్బర్లూ, జరగాల్సిన ఎత్తు పళ్ళూ అన్నీ అందరికీ కనిపించాయి.

“ఓహో. సాయంత్రం మీ బావగారు వస్తున్నారు, అత్తయ్యని తీసుకెళ్ళడానికి. ఆయన ఎదురుగా నిలబడి ఆ మాట నువ్వే చెప్పు చూద్దాం.”

పెళ్ళయి వచ్చిన నాటి నుంచి నాగేశ్వరి బావగారికి ఎదురుపడి మాట్లాడింది లేదు. ఏం చెప్పాలన్నా తలుపు వెనక నుంచి, అదీ భర్త ద్వారా. ఆ భర్త ఇప్పుడు ఆఫీసులో ఉన్నాడు. తల్లి సంగతి ఆయనకి ఇంకా తెలియనే తెలియదు.

“చెప్తానక్కయ్యా.”

వీరలక్ష్మి గుమ్మం వైపు అడుగేసింది.

“కథ సగంలో ఉంది అక్కయ్యా” అంది నాగేశ్వరి. “మీ గుప్పిట్లో అక్షింతలు ఉన్నాయి. మధ్యలో లేచి వెళ్తే దోషం మీకే వస్తుంది. కూర్చోండి.”

వీరలక్ష్మి తన గుప్పిట చూసుకుంది. కలశం వైపు చూసింది. ఆవిడ మడే ఆవిణ్ణి కదలనివ్వలేదు. వచ్చి, గోడవారగా, ఎవరికీ తగలకుండా కూర్చుంది.

నాగేశ్వరి పుస్తకం తెరిచి, ఆపిన చోటి నుంచి ముద్దముద్దగా చదవసాగింది.